పేరు ఒకటే, చదువులు మూడు: క్లినికల్ రీసెర్చ్ శిక్షణపై విశాఖలో ఎందుకీ అయోమయం?

క్లుప్తంగా: మందులను, వైద్య పద్ధతులను మనుషుల మీద పరీక్షించి చూసే పరిశోధనే క్లినికల్ రీసెర్చ్. దాని కోర్సు అనే పేరుతో ఇప్పుడు మూడు వేర్వేరు చదువులు నడుస్తున్నాయి. కంపెనీ ఉద్యోగానికి తయారుచేసే డిప్లొమాలు ఒక రకం. వైద్యవిద్యలో పీజీ చేసేవారికి తప్పనిసరి చేసిన పరిశోధనా పద్ధతుల శిక్షణ రెండో రకం. సొంతంగా ఒక అధ్యయనాన్ని రూపొందించి నడపగలిగేవారిని తయారుచేసే పై చదువులు మూడో రకం. వీటి ఖర్చూ కాలమూ ఫలితమూ వేరు. 2019 నిబంధనలు, ఆ తర్వాత 2025లో అమల్లోకి వచ్చిన మార్పులు శిక్షణ ఉన్నవారికి గిరాకీ పెంచాయి. విశాఖపట్నంలో సర్టిఫికెట్లకు కొదవ లేదు. చదివినదాన్ని ఆస్పత్రిలో చేసి నేర్చుకునే అవకాశమూ అందుకు కేటాయించే సమయమూ మాత్రం తక్కువ.

ఇప్పుడెందుకు ఈ చర్చ

విశాఖలో ఆరేళ్ల ఫార్మసీ డిగ్రీ ఫార్మ్‌డీ చివరి సంవత్సరానికి వచ్చిన విద్యార్థి ఫోన్‌కు ‘ఆరు నెలల్లో క్లినికల్ రీసెర్చ్ పీజీ డిప్లొమా, నూరు శాతం ప్లేస్‌మెంట్’ అనే మెసేజ్‌లు మొదలవుతాయి. ఎండీ మొదటి ఏడాదిలో చేరిన డాక్టరుకు రీసెర్చ్ మెథడాలజీ కోర్సు సర్టిఫికెట్ లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వరని సీనియర్లు చెబుతారు. పెద్దాస్పత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సును ఒక అధ్యయనంలో వేసేముందు ‘జీసీపీ చేశారా’ అని, అంటే మనుషుల మీద జరిపే పరిశోధనల మార్గదర్శకాలపై శిక్షణ పొందారా అని అడుగుతారు. ముగ్గురూ ఇంటికెళ్లి ‘క్లినికల్ రీసెర్చ్ కోర్సు చేయాలట’ అనే చెబుతారు. కానీ ఆ మూడు కోర్సులకూ ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం ఉండదు.

గందరగోళం కొత్తది కాకపోయినా ఈమధ్య ముదిరింది. 2019 మార్చిలో కేంద్రం కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను నోటిఫై చేసింది. అంతవరకూ పాత ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ వై కింద నడిచిన వ్యవహారమంతా విడిగా ఒక చట్రంలోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో వాటిని సవరించి, కంపెనీల తరఫున ట్రయల్స్ నడిపే సంస్థలు, అంటే సీఆర్వోలు, 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ వద్ద రిజిస్టర్ కావాలన్నారు. 2025 జనవరిలోనే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ అంతర్జాతీయ మార్గదర్శకాల మూడో సవరణ ఖరారైంది. అందరూ జీసీపీ అని పిలిచేది దీన్నే. 1996లో మొదటిసారి వచ్చింది, 2016లో ఒకసారి మారింది. నిబంధన మారిన ప్రతిసారీ పాత సర్టిఫికెట్‌కు విలువ తగ్గుతుంది, కొత్త కోర్సులకు మార్కెట్ తెరుచుకుంటుంది.

విశాఖకు ఈ విషయం ఇంకో దారిలో కూడా తగిలింది. 2020 జూలై 2న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కొవాగ్జిన్ ట్రయల్స్ కోసం 12 ఆస్పత్రులకు లేఖ రాసింది. వాటిలో కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) ఒకటి. జూలై 7లోగా వలంటీర్ల నమోదు మొదలుపెట్టాలని, ఆగస్టు 15 నాటికి టీకా సిద్ధం కావాలని అందులో ఉంది. ఆ గడువుల మీద దేశమంతా విమర్శలు వచ్చాయి. తొందర సరైనదా కాదా అన్న వాదన పక్కనపెట్టినా, ఒక లెక్క మిగులుతుంది: ఉత్తరానికీ మొదటి వలంటీరుకూ మధ్య ఇచ్చింది ఐదు రోజులు. పరిశోధన నైతికంగా సరైనదో కాదో చూసి అనుమతించే ఎథిక్స్ కమిటీ, పాల్గొనేవారి సమ్మతి తీసుకోగల సిబ్బంది, రికార్డులు రాయగల కోఆర్డినేటరు ముందే ఉంటే తప్ప ఏ ఆస్పత్రీ అంత త్వరగా కదల్లేదు. అవసరం ముంచుకొచ్చాక మనుషుల్ని తయారుచేయడం మొదలుపెడితే అది ఆ ట్రయల్‌కు అక్కరకు రాదు.

ఒక్క పేరు కింద మూడు చదువులు

మొదటిది ఉద్యోగ శిక్షణ. ప్రైవేటు సంస్థలు ఆరు నెలల నుంచి ఏడాది వరకూ నడిపే పీజీ డిప్లొమాలు, సర్టిఫికెట్ కోర్సులు ఇవి. హైదరాబాద్ అమీర్‌పేటలో పెరిగిన ఈ కోచింగ్ పద్ధతి ఆన్‌లైన్ తరగతుల పుణ్యమా అని ఇప్పుడు విశాఖలో ఇంట్లో కూర్చున్నవారికీ అందుతోంది. ఔషధాల దుష్ప్రభావాల నివేదికలు చూసే ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్, మెడికల్ కోడింగ్, శాస్ ప్రోగ్రామింగ్ వంటివి కలిపి ఒక ప్యాకేజీగా చెబుతారు. ఎక్కువ భాగం కంప్యూటరు ముందు చేసే పని. చెడ్డ పనేమీ కాదు, ఎంతోమంది ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ పట్టభద్రులు దీనిమీద స్థిరపడ్డారు. అయితే దీన్ని చదివితే పరిశోధకుడు అవుతారన్న భ్రమ ఎక్కడినుంచి వచ్చిందో గానీ బలంగా నాటుకుంది. యూనివర్సిటీ అనుబంధం లేని సంస్థ ఇచ్చే డిప్లొమాకు చట్టపరమైన హోదా ఉండదు. కంపెనీ హెచ్‌ఆర్ దాన్ని గుర్తిస్తే గుర్తించినట్టు, లేకుంటే లేనట్టు.

ఇక్కడ ఫార్మ్‌డీ విద్యార్థులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఫార్మసీ కౌన్సిల్ 2008లో తెచ్చిన ఫార్మ్‌డీ నిబంధనల్లోనే ఐదో ఏడాదిలో క్లినికల్ రీసెర్చ్ ఒక పూర్తి సబ్జెక్టు. దానితోపాటు ఫార్మకో ఎపిడెమియాలజీ, ఆస్పత్రిలో ప్రాజెక్టు ఉంటాయి. ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే డిప్లొమాలో డబ్బు కట్టి వినేదాంట్లో చాలాభాగం డిగ్రీలోనే ఉంది. కళాశాల దాన్ని నోట్సు చెప్పి సరిపెట్టిందా, వార్డులో చూపించిందా అన్నదాన్ని బట్టే మళ్లీ డబ్బు పెట్టాల్సిన అవసరం తేలుతుంది.

రెండోది తప్పనిసరి శిక్షణ. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ వైద్యవిద్య నిబంధనల ప్రకారం ఎండీ, ఎంఎస్ విద్యార్థులు పరిశోధనా పద్ధతులు, పరిశోధనా నైతికత కోర్సులు పూర్తిచేయాలి. బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సును చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతోంది. వీడియో పాఠాలు, అసైన్‌మెంట్లు, చివర కేంద్రానికి వెళ్లి రాసే పరీక్ష. పాఠాలు బాగానే ఉంటాయి. చిక్కల్లా వినే సమయం దగ్గరే. ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగి హాస్టల్‌కు వచ్చిన జూనియర్ పీజీ వీడియో ప్లే చేసి నిద్రపోతే, దాన్ని పాఠం తప్పు అనలేం.

మూడోది అసలైన పై చదువు. ఎండీ ఫార్మకాలజీ తర్వాత చేసే డీఎం క్లినికల్ ఫార్మకాలజీ, వెల్లూరు సీఎంసీ వంటి చోట్ల ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీ, విదేశీ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చే క్లినికల్ ట్రయల్స్ ఎంఎస్సీ ఈ కోవలోకి వస్తాయి. తక్కువమంది చేస్తారు, ఎక్కువ కాలం పడుతుంది. కానీ ఒక ప్రశ్నను పట్టుకుని, దానికి సరిపోయే అధ్యయనాన్ని గీసి, నడిపి, ఫలితాన్ని ప్రచురించేదాకా చేయగలవారు ఇక్కడినుంచే వస్తారు.

2019 నిబంధనలు ట్రయల్ నడిపే ఇన్వెస్టిగేటర్‌కు తగిన అర్హత, శిక్షణ, అనుభవం ఉండాలంటాయి. ఫలానా డిప్లొమా ఉండాలని ఎక్కడా లేదు. ట్రయల్ జరిపించే స్పాన్సర్లు సాధారణంగా రెండు మూడేళ్లకోసారి కొత్తగా అడిగే జీసీపీ సర్టిఫికెట్ డ్రైవింగులో ఎల్‌ఎల్‌ఆర్ వంటిది. రూల్స్ తెలుసని చెబుతుంది, బండి నడపగలరని చెప్పదు.

వార్డులో తేలే విద్య

శిక్షణలో ఏముండాలో తెలియాలంటే ట్రయల్ ఎక్కడ చెడుతుందో చూడాలి. ఎక్కువసార్లు అది పెద్ద శాస్త్రీయ పొరపాటు వల్ల చెడదు, చిన్న అలవాట్ల వల్ల చెడుతుంది.

బీపీ చార్టు తీసుకుందాం. నర్సు 140 అని రాయబోయి 104 అని రాసింది. మామూలు వార్డులో దానిమీదే దిద్దేస్తారు, లేదంటే వైట్నర్ పూస్తారు. ట్రయల్‌లో అది కుదరదు. తప్పు అంకె మీద ఒక్క గీత గీయాలి, కింద ఉన్న అంకె కనబడాలి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టాలి. కారణం సులువే: ఆరు నెలల తర్వాత స్పాన్సరు తరఫున రికార్డులు చూడటానికి వచ్చే మానిటరుకు గానీ ఇన్‌స్పెక్టరుకు గానీ ఆ అంకె ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో తెలియాలి. దిద్దిన అంకె నిజమైనదే కావచ్చు. కానీ నిజమని చూపించే ఆధారం పోయింది. ఇది స్లైడులో ఒక్క నిమిషం పాఠం, చేతికి అలవాటయ్యేందుకు మాత్రం నెలలు పడుతుంది.

రాండమైజేషన్, అంటే లాటరీలా రోగులను గ్రూపులుగా పంచే పద్ధతిలో వాడే కవర్లదీ ఇదే కథ. ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు అన్నది సీలు వేసిన కవర్లలో ఉంటుంది. కవరు పల్చగా ఉంటే ట్యూబ్‌లైట్‌కు ఎత్తిపట్టి లోపలి అక్షరం చదవొచ్చు. చదివినవారికి దురుద్దేశం ఉండనక్కర్లేదు. ‘ఈ పెద్దాయన నీరసంగా ఉన్నాడు, పాత మందే మేలు’ అన్న జాలి చాలు. ఆ జాలి పదిమంది విషయంలో పనిచేస్తే బలహీనులంతా ఒక గ్రూపులో, గట్టివాళ్లంతా మరో గ్రూపులో చేరతారు. కొత్త మందు గొప్పదని ఫలితం వస్తుంది. అందుకే కవరు మందం కూడా శిక్షణలో పాఠమే.

మూడో ఉదాహరణ మరింత బరువైనది. ట్రయల్‌లో ఉన్న వ్యక్తికి గాజువాకలో అర్ధరాత్రి జ్వరం ఎక్కువై దగ్గరలోని నర్సింగ్ హోమ్‌లో చేర్చారనుకుందాం. ఇంట్లోవాళ్ల దృష్టిలో అది మామూలు జ్వరం. నిబంధనల దృష్టిలో ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిన ఏ ఘటనైనా తీవ్ర దుష్పరిణామం కిందికే వస్తుంది, మందుతో సంబంధం ఉన్నా లేకున్నా. ఇన్వెస్టిగేటరు 24 గంటల్లో కేంద్ర లైసెన్సింగ్ అధికారికి, స్పాన్సరుకు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. 14 రోజుల్లో విశ్లేషణ నివేదిక, 30 రోజుల్లో ఎథిక్స్ కమిటీ అభిప్రాయం వెళ్లాలి. ఈ గొలుసంతా మొదలయ్యేది ఆ కుటుంబం కోఆర్డినేటరుకు ఫోన్ చేస్తేనే. వారు ఫోన్ చేయాలంటే మొదటిరోజే ‘ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఏ వేళైనా నాకు చెప్పండి’ అని అర్థమయ్యేలా చెప్పి, నంబరు గోడమీద రాయించి ఉండాలి.

ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని వయసు, అప్పటికే ఉన్న జబ్బు తీవ్రతలతో హెచ్చవేస్తారు. 65 ఏళ్లు దాటి తీవ్రంగా జబ్బుపడ్డవారికి 4 లక్షల నుంచి, ఆరోగ్యంగా ఉన్న 16 ఏళ్లలోపువారికి దాదాపు 73.6 లక్షల దాకా లెక్క తేలుతుంది. 30 రోజుల్లో చనిపోయే అవకాశం 90 శాతం పైగా ఉన్న రోగుల విషయంలో 2 లక్షలు. ఈ లెక్క రోగి కుటుంబానికి తెలిసే అవకాశం ఒక్క సమ్మతి పత్రం దగ్గరే. చాలా పత్రాల్లో అది పదో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సమ్మతి: తెలుగు నేల నేర్పిన పాఠం

సమ్మతి తీసుకోవడం మీద దేశంలో ఇంత కఠినమైన నిబంధనలు రావడానికి ఒక కారణం మన దగ్గరే ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. భద్రాచలం ప్రాంతంలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు వారిలో చాలామంది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ, హెచ్‌పీవీ టీకా ఇప్పుడు ఎన్నో దేశాల్లో సాధారణ కార్యక్రమంలో భాగం. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం చేస్తే చాలనుకున్న ఆ పద్ధతిని ఏ శాస్త్రమూ సమర్థించలేదు.

తర్వాతి నిబంధనలు ఈ ఖాళీలను ఒక్కొక్కటీ పూడ్చాయి. చదువురానివారి సమ్మతి తీసుకునేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉండి సంతకం చేయాలి. పూర్తిగా కొత్త ఔషధం మీద జరిగే ట్రయల్‌లో బలహీన వర్గాలవారు పాల్గొంటే ఆ సంభాషణను వీడియో తీయాలి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగంమంది ఆ సంస్థకు సంబంధం లేనివారు కావాలి, న్యాయం తెలిసినవారు ఒకరు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు ఒకరు, మహిళ ఒకరు తప్పనిసరి.

విశాఖకు ఇది పుస్తకంలో పాఠం కాదు. కేజీహెచ్ ఓపీలో పాడేరు, అరకు మన్యం నుంచి వచ్చినవారు, సరిహద్దు దాటి కొరాపుట్, మల్కన్‌గిరి నుంచి వచ్చిన ఒడియా కుటుంబాలు ఒకే బెంచీ మీద కనబడతారు. తెలుగులో రాసిన సమ్మతి పత్రం వారిలో కొందరికి ఇంగ్లిష్ పత్రమంత దూరం. సాక్షిగా నిలబడేవారికి ఆ భాష వచ్చా అన్నది చాలాసార్లు ఎవరూ అడగరు. పక్కనున్న వార్డుబాయ్‌ని పిలిచి సంతకం పెట్టించుకుంటే కాగితం నిండుతుంది, నిబంధన నిండదు. రోల్‌ప్లే చేయించి సమ్మతి తీసుకోవడం నేర్పే కోర్సుకూ, ఆ అధ్యాయాన్ని చదువుకోమని వదిలేసే కోర్సుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

యాభై ప్లస్ యాభై

పీజీ థీసిస్ ఈ దేశంలో జరిగే పరిశోధనా శిక్షణలో అతిపెద్ద భాగం. ప్రతి ఎండీ, ఎంఎస్, ఎండీఎస్, ఎంఎస్సీ నర్సింగ్ విద్యార్థీ ఒకటి రాయాలి. ఇన్ని వేల అధ్యయనాల్లో వైద్యాన్ని మార్చినవి ఎన్ని అని అడిగితే జవాబు ఇబ్బందిగానే ఉంటుంది. లోపం విద్యార్థుల తెలివిలో లేదు, లెక్కలో ఉంది.

సిజేరియన్ తర్వాత కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ 10 శాతం మందికి వస్తోందనుకుందాం. కొత్త పద్ధతితో దాన్ని 5 శాతానికి తగ్గించగలమా అన్నది ప్రశ్న. మామూలుగా వాడే ప్రమాణాలతో లెక్కేస్తే ఒక్కో గ్రూపులో 430 మందికి పైగా తల్లులు కావాలి. ఒక పీజీకి దొరికే కాలంలో, ఒక యూనిట్‌లో అంతమంది దొరకడం కష్టం. అందుకని ‘యాభై ప్లస్ యాభై’ అని రాసేస్తారు. యాభైమందిలో ఒకవైపు ఐదుగురికి, మరోవైపు ఇద్దరు ముగ్గురికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆ తేడా మందు వల్లా, అదృష్టం వల్లా అన్నది ఏ స్టాటిస్టీషియనూ చెప్పలేడు. డేటా అంతా అయ్యాక ఎక్సెల్ షీటు పట్టుకుని స్టాటిస్టిక్స్ చేసిపెట్టేవారి దగ్గరికి వెళ్లడం ఆనవాయితీ. వారు చేయగలిగింది అప్పటికే ఏమీ మిగలదు.

దారి లేకపోలేదు. ఒకే ప్రశ్న మీద విశాఖ, శ్రీకాకుళం, కాకినాడ, గుంటూరు కళాశాలల్లో ఏడెనిమిదిమంది పీజీలు ఒకే ప్రోటోకాల్‌తో, అంటే ఒకే అధ్యయన ప్రణాళికతో పనిచేస్తే ఆ 860 మంది దొరుకుతారు. ఎవరి థీసిస్ వారికి ఉంటుంది, కలిపిన ఫలితం దేశానికి పనికొస్తుంది. గైడ్‌లు కలిసి కూర్చోవాలి, యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ‘ఈ టాపిక్ పోయినేడు అయిపోయింది’ అనే అలవాటు పోవాలి.

చాలామంది పీజీలకు ఆలస్యంగా తెలిసే నిబంధన ఇంకొకటి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్‌ఐ, 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చకముందే రిజిస్టర్ చేసిన అధ్యయనాలను మాత్రమే అది తీసుకుంటోంది. రిజిస్ట్రేషన్ ఉచితం. అయినా జర్నల్‌కు పంపేటప్పుడు నంబరు అడిగాక గానీ గుర్తురాక, చేసిన పని ప్రచురణకు నోచుకోని సందర్భాలు తక్కువేం కాదు. అలాగే ఇప్పటికే ఆమోదం ఉన్న మందును కొత్త జబ్బుకో కొత్త మోతాదులోనో పరీక్షించే అకడమిక్ ట్రయల్‌కు, ఫలితాన్ని మార్కెటింగ్ అనుమతికి వాడనంతవరకూ, ఢిల్లీ అనుమతి అవసరం లేదు. ఎథిక్స్ కమిటీ ఆమోదం చాలు. ఈ వెసులుబాటు తెలియక మంచి ప్రశ్నలను మొదట్లోనే వదిలేసేవారున్నారు.

వేరేచోట్ల ఎలా నేర్పుతున్నారు

బ్రిటన్‌లో 2005 తర్వాత డాక్టర్ల శిక్షణలో పరిశోధనకు ఒక వరుస ఏర్పరిచారు. అకడమిక్ క్లినికల్ ఫెలోగా చేరినవారికి పనివేళల్లో 25 శాతం పరిశోధనకే కేటాయిస్తారు, పై మెట్టులోని క్లినికల్ లెక్చరర్‌కు సగం. జీతం తగ్గదు, డ్యూటీ చార్టులోనే ఆ సమయం రాసి ఉంటుంది. మన పీజీకి ఇచ్చే రీసెర్చ్ సమయం రాత్రి పదకొండు తర్వాతది. పాఠ్యాంశాల్లో రెండు దేశాలకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా రోస్టరులో ఉంది.

దేశంలోనే ఒక మంచి నమూనా క్యాన్సర్ వైద్యంలో ఉంది. టాటా మెమోరియల్ సెంటర్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 2015 నుంచి క్రెడో అనే వర్క్‌షాపు నడుపుతున్నాయి. వచ్చేవారు ఒక ఆలోచనతో వస్తారు. అనుభవజ్ఞులైన పరిశోధకులు, స్టాటిస్టీషియన్లు పక్కనే కూర్చుంటారు. వారంలోపే ఆ ఆలోచన పూర్తి ప్రోటోకాల్‌గా మారాలి. సర్టిఫికెట్ చేతికొచ్చినా రాకున్నా ప్రోటోకాల్ చేతికొస్తుంది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ కుటుంబంలోనిదే కాబట్టి విశాఖకు ఈ పద్ధతి అంత దూరంలో లేదు.

ఇంకా వెనక్కి వెళితే మద్రాసు ఉంది. 1956లో అక్కడ ఏర్పాటైన క్షయ కీమోథెరపీ కేంద్రం 193 మంది రోగులను రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపును శానిటోరియంలో, అంటే క్షయ ఆస్పత్రిలో, మరో గ్రూపును ఇళ్ల దగ్గర ఉంచి ఒకే మందులిచ్చింది. ఇరుకు ఇళ్లలో ఉండి మందులు తిన్నవారూ దాదాపు అంతే బాగుపడ్డారని 1959లో తేలింది. ప్రపంచమంతా క్షయ రోగులను ఏళ్లతరబడి శానిటోరియాల్లో ఉంచే పద్ధతి దాంతో సడలింది. అందులో డాక్టర్ల పని ఎంతో, చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి మందులు లెక్కపెట్టి, మూత్ర పరీక్షతో మందు వేసుకున్నారో లేదో చూసిన హెల్త్ విజిటర్ల పనీ అంతే. ఇవాళ్టి కోర్సుల ప్రకటనల్లో డాక్టరు, ఫార్మసిస్టు కనబడతారు గానీ నర్సు, ఫిజియోథెరపిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ చాలా అరుదు. ట్రయల్‌లో రోగితో ఎక్కువసేపు గడిపేది మాత్రం వారే.

విశాఖ బలం ఎక్కడ, లోటు ఎక్కడ

‘ఫార్మా సిటీ మన పక్కనే ఉంది, క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగాలు ఇక్కడే వస్తాయి’ అన్నది కోర్సులు అమ్మేవారు తరచూ చెప్పే మాట. ఇది సగమే నిజం. పరవాడ ఫార్మా సిటీలోనూ భీమిలి వైపూ ప్రధానంగా తయారయ్యేవి ముడి ఔషధాలు. అక్కడి ఉద్యోగాలు కెమిస్ట్రీ, ఉత్పత్తి, నాణ్యత పరీక్షలకు సంబంధించినవి. మనుషుల మీద పరీక్ష వేరే వ్యవహారం, అది ఆస్పత్రి ఉన్నచోట, రోగులు ఉన్నచోట జరుగుతుంది. దాన్ని నడిపించే సీఆర్వోలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, అహ్మదాబాద్, ముంబైలలో ఉన్నాయి.

విశాఖ బలం ఆస్పత్రులే. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రి, గీతం వైద్య కళాశాల, ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ కళాశాల ఒకే నగరంలో ఉన్నాయి. ఉద్దానం కిడ్నీ జబ్బు నుంచి మన్యంలో సికిల్ సెల్, మలేరియా వరకూ ఇక్కడే అడగాల్సిన ప్రశ్నలున్నాయి. బయటి కంపెనీ వచ్చి వీటికి జవాబు వెతకదు, మందు అమ్ముడుపోయే జబ్బు మీదే దానికి ఆసక్తి.

పెద్దగా ఎవరి దృష్టికీ రాని అవకాశం పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్. అక్కడ తయారయ్యే వైద్య పరికరాలు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. వాటి పరీక్ష మందుల పరీక్షలాగా ఉండదు. పరికరాన్ని పట్టుకున్న చేతి నైపుణ్యాన్ని బట్టి ఫలితం మారుతుంది, పోలిక కోసం ప్లాసిబో, అంటే ఉత్తుత్తి చికిత్స పెట్టడం చాలాసార్లు కుదరదు, వాడుతుండగానే డిజైను మారుతుంది. మార్కెట్లో దొరికే కోర్సుల్లో తొంభై పాళ్లు మందుల గురించే. పరికరాల అధ్యయనాల మీద ఒక మంచి శిక్షణ పెట్టడానికి దేశంలో విశాఖకన్నా అనువైన చోటు వెతకడం కష్టం.

కోర్సు ఎంచుకునేముందు

ఈ లెక్కన చేరబోయేవారు అడగాల్సిన ప్రశ్నలు ఫీజు, ప్లేస్‌మెంట్ దగ్గర ఆగవు. చెప్పేవారు సొంతంగా ఒక్క ట్రయల్ అయినా నడిపారా, కోర్సులో ఏదైనా ఆస్పత్రిలో నిజమైన అధ్యయనం పక్కన నిలబడి చూసే వారాలున్నాయా, 2025 నాటి జీసీపీ సవరణ సిలబస్‌లో ఉందా, డిప్లొమా ఇచ్చేది విశ్వవిద్యాలయమా సంస్థేనా అన్నవి ముందు తేల్చుకోవాలి. ‘ప్లేస్‌మెంట్’ అంటే ఇంటర్వ్యూకు పంపడమా, ఆఫర్ లెటరా అని రాతపూర్వకంగా అడిగితే సగం సంస్థలు స్వరం మారుస్తాయి. ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగమే లక్ష్యమైన బీఫార్మసీ విద్యార్థికి చిన్న కోర్సు సరిపోవచ్చు. ఎండీ చేస్తున్న డాక్టరుకు అది దండగ. ఆ డబ్బుతో, ఆ సమయంతో ఒక స్టాటిస్టీషియన్‌ను ప్రోటోకాల్ రాసేరోజునే కలవడం మేలు. స్టాఫ్ నర్సుకు ఉచితంగానో నామమాత్రపు ఫీజుతోనో దొరికే జీసీపీ ఆన్‌లైన్ కోర్సు, దాంతోపాటు ఒక నడుస్తున్న అధ్యయనంలో కొన్ని నెలల పని, ఏ డిప్లొమాకన్నా ఎక్కువ నేర్పుతాయి.

సీఆర్వోల రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడంతో సిబ్బంది శిక్షణ రికార్డులను తనిఖీల్లో చూపించాల్సి వస్తుంది. కాబట్టి రాబోయే రెండు మూడేళ్లలో సర్టిఫికెట్లకు గిరాకీ పెరగడం, ఫీజులు పెరగడం దాదాపు ఖాయం. ఆస్పత్రుల వైపు మార్పు అంత వేగంగా ఉండకపోవచ్చు. కోఆర్డినేటరు జీతం చాలాచోట్ల ఆ ప్రాజెక్టు డబ్బుతోనే వస్తుంది, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. రెండేళ్లు వైట్నర్ వాడకుండా రాయడం, అర్ధరాత్రి ఫోన్ ఎత్తడం, మన్యం నుంచి వచ్చిన ముసలమ్మకు ఓపికగా చెప్పడం నేర్చుకున్న మనిషి ఆ రోజు హైదరాబాద్ బస్సెక్కుతారు. తర్వాతి ట్రయల్‌కు ఆస్పత్రి మళ్లీ కొత్తవారితో మొదలుపెడుతుంది. కేజీహెచ్ వంటి బోధనాస్పత్రిలో రెండు మూడు కోఆర్డినేటర్ పోస్టులు శాశ్వతంగా ఉండి, పీజీల రోస్టరులో వారానికి ఒక పూట పరిశోధనకని రాసి ఉంటే, వీడియో పాఠాల్లో విన్నది వార్డులో చేసి చూడటానికి వీలవుతుంది.